ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్, బ్రస్సెల్స్‌కి సొంత కారులో: ఏ ఊరికి ఏ స్టిక్కర్ కావాలి?

కొల్లేరు_కొంగ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జూలైలో రెండు కుటుంబాలం రెండు కార్లలో బయల్దేరుతున్నాం. ఫ్రాంక్‌ఫర్ట్, స్ట్రాస్‌బర్గ్, పారిస్, బ్రస్సెల్స్, ఆంట్వెర్ప్, కొలోన్, మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్. రెండు కార్లకీ జర్మన్ నంబర్ ప్లేట్లే.

మొదటిది డీజిల్. తొలి రిజిస్ట్రేషన్ 2010 అక్టోబరు, ఆర్సీలో పొగ తరగతి యూరో 5 (యూరప్ కాలుష్య ప్రమాణం) అని ఉంది. రెండోది పెట్రోల్, 2008 మోడల్, యూరో 4. రెండిటి అద్దం మీదా జర్మనీ పొగ స్టిక్కర్, ఆకుపచ్చ 4 అంకెది, ఉంది. పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది కాబట్టి ఆ స్టిక్కర్ మీద పాత యజమాని నంబరే ఉంది.

జర్మన్ స్టిక్కర్ ఫ్రాన్స్‌లో చెల్లుతుందా? చెల్లకపోతే ఫ్రెంచ్‌ది ఎక్కడ, ఎన్ని రోజుల ముందు తెప్పించుకోవాలి? నెట్‌లో ఒక సైటు 30 యూరోలకు పైగా అడుగుతోంది, ఇంకోటి 5 లోపే అంటోంది. బెల్జియంలో అసలు స్టిక్కరే లేదని కొందరు, ఉందని కొందరు అంటున్నారు. డీజిల్ కారుతో ఎక్కడైనా ఆపేస్తారా? పెద్దవాళ్లు వెంట ఉన్నారు, దారిలో పోలీసులతో తంటా పెట్టుకోవడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

మైన్‌గట్టు

ముందు ఒక సంగతి స్పష్టంగా పెట్టుకోండి. స్టిక్కర్ అంటే లోపలికి వెళ్లడానికి పర్మిట్ కాదు. మీ బండి పొగ ఏ తరగతిదో పైకి చెప్పే చీటీ, అంతే. కాలుష్యం తగ్గించడానికి ఊళ్లో పెట్టిన జోన్‌లోకి ఏ తరగతిని రానిస్తారో ఆ ఊరి బోర్డు చెబుతుంది. ఈ రెండిటినీ ఒకటే అనుకుని "స్టిక్కర్ ఉందిగా" అని వెళ్లినవాళ్లకే ఎక్కువగా జరిమానాలు పడుతుంటాయి.

ఒక దేశం స్టిక్కర్ ఇంకో దేశంలో చెల్లదు. జర్మనీ ఆకుపచ్చది ఫ్రాన్స్‌లో పనికిరాదు, ఫ్రాన్స్ స్టిక్కర్ క్రిట్ఎయిర్ జర్మనీలో పనికిరాదు. నాకు తెలిసిన మినహాయింపు జెనీవా. కాలుష్యం పెరిగిన రోజుల్లో అక్కడ పెట్టే ఆంక్షలకు వాళ్ల సొంత స్టిక్కర్ ఉంది, దాని బదులు క్రిట్ఎయిర్ చూపినా ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఆర్సీ తెరవండి. యూరోపియన్ యూనియన్ దేశాల ఆర్సీల్లో గళ్లకు ఒకే కోడ్ ఉంటుంది కాబట్టి భాష రాకపోయినా చదువుకోవచ్చు. "బి" గడిలో తొలి రిజిస్ట్రేషన్ తేదీ, "పి.3"లో ఇంధనం, "వి.9"లో పొగ తరగతి. జర్మన్ ఆర్సీలో వీటికి తోడు 14 నంబరు గడిలో తరగతి మాటల్లో, 14.1లో కోడ్ రూపంలో ఉంటాయి. ఈ ఐదు గళ్లూ స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, ప్రతి ఊరి సైటులోనూ ఇవే అడుగుతారు.

జర్మనీ సంగతి. డీజిల్ యూరో 4, లేదా ఫిల్టర్ అమర్చిన యూరో 3 ఉంటే ఆకుపచ్చ వస్తుంది. పెట్రోల్ అయితే కెటలిటిక్ కన్వర్టర్ ఉన్న యూరో 1 నుంచే ఆకుపచ్చ. కాబట్టి మీ రెండిటికీ అర్హత ఉంది. కానీ పెట్రోల్ కారు స్టిక్కర్ ఇప్పుడు లేనట్టే లెక్క. స్టిక్కర్ మీద రాసిన నంబరు, ప్లేటు మీది నంబరు ఒకటై ఉండాలి. ట్యూఫ్, డెక్రా లాంటి బండ్ల తనిఖీ కేంద్రానికో, పొగ పరీక్ష చేసే వర్క్‌షాప్‌కో ఆర్సీ తీసుకెళ్తే అక్కడికక్కడే రాసిస్తారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా ఇస్తారు. చోటును బట్టి 5 నుంచి 20 యూరోల దాకా ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్ రెండూ ఆకుపచ్చ జోన్లే, అంటే ఆకుపచ్చ స్టిక్కర్ ఉన్న బండ్లనే రానిస్తారు. స్టిక్కర్ లేకుండా దొరికితే 100 యూరోలు. బండి నడుస్తుంటేనే అనుకోకండి, జోన్ లోపల రోడ్డు పక్కన ఆపి ఉంచినా రాస్తారు.

పాత స్టిక్కర్ల మీద ఇంకో ఇబ్బంది ఉంది. నంబరును పెన్నుతో రాస్తారు. ఎండకు వెలిసిపోని సిరా వాడాలి, కొన్నిచోట్ల మామూలు మార్కర్‌తో రాసేస్తారు. మూడు నాలుగు వేసవులు పోయేసరికి అంకెలు తెల్లబడతాయి. చదవడానికి వీల్లేని స్టిక్కర్ లేని స్టిక్కర్‌తో సమానం. మీ డీజిల్ కారుది కూడా బయట నిలబడి ఒకసారి చదివి చూడండి.

ఫ్రాన్స్ సంగతి. మీరు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే, అదీ డీజిల్ కారు విషయంలో. క్రిట్ఎయిర్‌లో తరగతులు ఇలా ఉంటాయి: కరెంటు, హైడ్రోజన్ బండ్లకు ఆకుపచ్చ. 1 ఊదా రంగు: పెట్రోల్ యూరో 5, 6, గ్యాస్, ప్లగిన్ హైబ్రిడ్. 2 పసుపు: పెట్రోల్ యూరో 4, డీజిల్ యూరో 5, 6. 3 నారింజ: పెట్రోల్ యూరో 2, 3, డీజిల్ యూరో 4. 4 ముదురు ఎరుపు: డీజిల్ యూరో 3. 5 బూడిద రంగు: డీజిల్ యూరో 2. 1997కి ముందు కార్లకు స్టిక్కరే ఇవ్వరు.

ఆర్సీలో యూరో తరగతి కనిపిస్తే దాన్నిబట్టి ఇస్తారు. కనిపించకపోతే తొలి రిజిస్ట్రేషన్ తేదీని బట్టి లెక్క కడతారు. తేదీ లెక్కలో డీజిల్‌కి 2011 జనవరి 1 తర్వాతవి మాత్రమే 2వ తరగతి, 2006 నుంచి 2010 దాకా 3వ తరగతి. మీ కారు 2010 అక్టోబరుది. అంటే యూరో 5 రుజువు చూపితే పసుపు 2, చూపకపోతే నారింజ 3. పారిస్‌లో 2025 జనవరిలో 3వ తరగతికి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ప్రవేశం ఆపేశారు. కాగితం ఒకటే, కారు ఒకటే, ఆ నియమం అమల్లో ఉంటే స్కాన్‌లో ఒక గడి కనిపించకపోయినందుకు మీ పారిస్ యాత్ర శని ఆదివారాలకు కుదించుకుపోతుంది.

కాబట్టి అప్లికేషన్‌లో యూరో తరగతి అడిగిన చోట 5 అని పెట్టండి, ఆర్సీ స్కాన్‌లో వి.9, 14 గళ్లు మడతలో పడకుండా చూసుకోండి. ఫైలు సైజు పరిమితి చాలా చిన్నది, ఫోన్ ఫోటో నేరుగా ఎక్కదు. సైజు తగ్గించేటప్పుడే ఆ చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. రంగు తీసేసి నలుపు తెలుపులో సేవ్ చేస్తే అక్షరాలు నిలుస్తాయి, సైజూ తగ్గుతుంది.

సైటు విషయం: అధికారికమైనది ఒక్కటే, చిరునామా చివర జీ-ఓ-యూ-వీ చుక్క ఎఫ్-ఆర్ ఉంటుంది. ఫ్రాన్స్ పర్యావరణ శాఖ నడుపుతుంది, ఇంగ్లిష్, జర్మన్ భాషల్లోనూ ఉంది. స్టిక్కర్ 3.11 యూరోలు, పోస్టు ఖర్చు కలిపితే జర్మనీకి 5 లోపే పడుతుంది. 30 అడిగేవాళ్లు మధ్యవర్తులు. మీ ఆర్సీ తీసుకుని అదే సైటులో అప్లై చేసి పంపుతారు, అంతకుమించి చేసేదేమీ లేదు.

పోస్టులో కాగితం స్టిక్కర్ వస్తుంది, నెల ముందే అప్లై చేయండి. అప్లికేషన్ ఆమోదించాక మెయిల్‌లో వచ్చే పత్రాన్ని ప్రింట్ తీసి కారులో ఉంచండి. బయల్దేరే రోజుకు స్టిక్కర్ అందకపోతే తనిఖీలో చూపించడానికి మీ దగ్గర అదొక్కటే ఉంటుంది. స్టిక్కర్ లేకపోతే కార్లకు 68 యూరోలు, త్వరగా కడితే 45. పట్టించుకోకుండా వదిలేస్తే 180కి పెరుగుతుంది.

బ్రబాంట్_బండి

మైన్‌గట్టు గారు జర్మనీ, ఫ్రాన్స్ పూర్తిగా చెప్పేశారు. నేను బెల్జియం చెప్తాను.

ఇక్కడ స్టిక్కర్ లేదు. బ్రస్సెల్స్, ఆంట్వెర్ప్, గెంట్ మూడు చోట్లా కెమెరాలే నంబర్ ప్లేటు చదువుతాయి. బెల్జియన్ బండ్ల వివరాలు వాళ్ల డేటాబేసులో ఉంటాయి. జర్మన్ ప్లేటు చదివితే ఆ కారు డీజిలో పెట్రోలో, ఏ తరగతో వాళ్లకు తెలియదు. అందుకని విదేశీ బండి యజమాని తానే ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఉచితం. ఆర్సీ రెండు వైపులా స్కాన్ చేసి పెట్టాలి. మీ కారు ఎంత శుభ్రమైనదైనా సరే, నమోదు లేకపోతే జరిమానా వస్తుంది. "పెట్రోల్ యూరో 4, అనుమతి ఉన్నదే కదా" అనేది ఇక్కడ జవాబు కాదు.

బ్రస్సెల్స్ నమోదు వేరు, ఆంట్వెర్ప్ నమోదు వేరు. బ్రస్సెల్స్ ఒక ప్రాంతం, ఆంట్వెర్ప్, గెంట్ ఫ్లాండర్స్ అనే మరో ప్రాంతంలోవి, ఒకరి జాబితా ఇంకొకరికి చేరుతుందని అనుకోవద్దు. రెండు కార్లు, రెండు ప్రాంతాలు, మొత్తం నాలుగు నమోదులు. రెండు వారాల ముందు పూర్తి చేయండి. ధ్రువీకరణ మెయిల్ వచ్చేదాకా పని అయిందనుకోకండి. చాలామంది ఫారం పంపగానే అయిపోయిందనుకుంటారు, స్కాన్ మసగ్గా ఉందని వెనక్కి వచ్చిన మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది.

మీ పెట్రోల్ కారుకు రెండు చోట్లా ఇబ్బంది లేదు. డీజిల్ విషయానికొస్తే, ఆంట్వెర్ప్ సైటులో దేశం, ఇంధనం, యూరో తరగతి, తేదీ పెడితే వెంటనే అవునో కాదో చెబుతుంది. బ్రస్సెల్స్‌లో యూరో 5 డీజిల్‌ని 2025 జనవరి నుంచి ఆపాలని ఎప్పుడో నిర్ణయించారు. ప్రాంతీయ పార్లమెంటు దాన్ని రెండేళ్లు వాయిదా వేసింది. 2025 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాయిదానే నిలిపేసింది. ఇంత ఊగిసలాటలో ఉన్న నగరంలోకి యూరో 5 డీజిల్ తీసుకెళ్లే ప్రణాళిక వేసుకోవద్దని నా గట్టి సలహా. రెండు దారులున్నాయి. ఒకటి: ఊరి అంచున మెట్రోకి ఆనుకుని ఉన్న పార్క్ అండ్ రైడ్‌లో డీజిల్ పెట్టి, అందరూ మెట్రోలో వెళ్లడం. క్రాయ్‌నెమ్, సెరియా-కూవి లాంటివి ఇందుకు సరిపోతాయి. అక్కడికి చేరే రోడ్డును జోన్ మ్యాపులో విడిగా చూపిస్తారు, ఆ రోడ్డు వదిలి పక్కకు తిరగకూడదు. రెండు: ఒక్క రోజు పాసు కొనుక్కోవడం. అనుమతి లేని తరగతి బండ్లకూ ఇది దొరుకుతుంది, కానీ ఖరీదు. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ మెట్రో టికెట్లు వస్తాయి.

ఆర్-సున్నా రింగ్ రోడ్డు బ్రస్సెల్స్ జోన్‌లోకి రాదు. ఆంట్వెర్ప్‌లో ఆర్-1 రింగ్ రోడ్డూ అంతే. ఊరు చూడకుండా దాటిపోయేవాళ్లకు ఏ నమోదూ అక్కర్లేదు. అయితే మ్యాప్ యాప్ ట్రాఫిక్ తప్పించడానికి మిమ్మల్ని ఊళ్లోకి దింపేస్తుంది. కొన్ని యాప్‌ల సెట్టింగుల్లో ఇలాంటి జోన్లు తప్పించే ఆప్షన్ ఉంటుంది, బండి వివరాలు పెట్టి దాన్ని ఆన్ చేయండి.

హోటల్ బుక్ చేసేటప్పుడే అది జోన్ లోపలా బయటా చూసుకోండి. జోన్ లోపలి హోటల్ పార్కింగుకు వెళ్తున్నామన్నది మినహాయింపు కాదు.

కొల్లేరు_కొంగ

ఇద్దరికీ చాలా ధన్యవాదాలండీ. వి.9 గడి చూశాను, యూరో 5 అనే ఉంది. బ్రస్సెల్స్‌లో మెట్రోయే మేలు అనిపిస్తోంది. రెండు సందేహాలు మిగిలాయి. పారిస్‌లో ఈ జోన్లు ఎత్తేశారని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమేనా? ఇంకోటి, మా బావగారు లండన్ నుంచి తన కారులో పారిస్ వచ్చి మాతో కలుస్తారు. ఆయన బ్రిటిష్ ఆర్సీలో యూరో తరగతి గడే లేదట. కారు 2012 పెట్రోల్. ఆయన ఏం చేయాలి?

మైన్‌గట్టు

వాట్సాప్‌లో తిరుగుతున్నదానికి మూలం 2025 జూన్. ఆ నెల ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీ ఈ జోన్లను రద్దు చేసే అంశం ఉన్న బిల్లుకు ఓటు వేసింది. అసెంబ్లీలో ఓటు పడటం వేరు, చట్టం అమల్లోకి రావడం వేరు. ఆ తర్వాత ఎక్కాల్సిన మెట్లు చాలా ఉంటాయి. బయల్దేరే వారం పారిస్ మెట్రోపోల్ (మహానగర పాలక సంస్థ) సైటులో చూసుకోండి. స్టిక్కర్‌కి అయ్యేది 5 యూరోల లోపే. జోన్లు ఉన్నా లేకపోయినా కాలుష్యం పెరిగిన రోజుల్లో కలెక్టర్ స్థాయి అధికారి అప్పటికప్పుడు క్రిట్ఎయిర్ తరగతులను బట్టి బండ్లను ఆపగలడు. జూలై ఎండల్లో ఓజోన్ పెరిగితే అలాంటి రోజులు వస్తాయి. అందుకని తెప్పించుకునే వెళ్లండి. బండికి ఒకసారి తీసుకుంటే చాలు, ప్లేటు మారనంత కాలం, చదవగలిగేలా ఉన్నంత కాలం అదే పనికొస్తుంది.

పారిస్ జోన్ ఏ-86 రింగు లోపలంతా ఉంటుంది, ఏ-86 మాత్రం జోన్‌లోకి రాదు. దీనితో సంబంధం లేకుండా 2024 నవంబరు నుంచి నగరం నడిబొడ్డున మరో ఆంక్ష ఉంది: మొదటి నాలుగు వార్డుల్లో ఎక్కువ భాగం గుండా ఊరికే దాటిపోకూడదు. అక్కడ హోటలో, పనో ఉంటే వెళ్లొచ్చు, రుజువుగా బుకింగ్ కాగితం దగ్గర పెట్టుకోండి. దీనికి స్టిక్కర్‌తో పని లేదు, కరెంటు కారుకూ వర్తిస్తుంది.

ఇంకోటి చెప్పాలి, పార్కింగు. బయటి ఊళ్ల కార్లు 1.6 టన్నులు దాటితే (కరెంటువైతే 2 టన్నులు) రోడ్డు పక్క పార్కింగుకు 2024 అక్టోబరు నుంచి మూడింతలు, నగరం మధ్యలో గంటకు 18 యూరోలు. మీ ఆర్సీలో "జి" గడి చూడండి, బండి బరువు అక్కడ ఉంటుంది. భూగర్భ పార్కింగులకు ఈ రేటు వర్తించదు, ముందే బుక్ చేసుకుంటే ఇంకా చౌక.

బావగారి కారుకు చిక్కేమీ లేదు. పెట్రోల్ తేదీ లెక్కలో 2011 జనవరి 1 తర్వాతవన్నీ 1వ తరగతి. ఆర్సీలో యూరో గడి లేకపోయినా తేదీతోనే ఊదా రంగు 1 వచ్చేస్తుంది. పాత బ్రిటిష్ ఆర్సీల్లో చాలావాటికి ఆ గడి ఉండదు, ఫ్రెంచ్ సైటుకు అది మామూలే. అదే ఆయనది 2010 డీజిల్ అయి ఉంటే కంపెనీ నుంచి బండి ప్రమాణ పత్రం తెప్పించి జత చేయాల్సి వచ్చేది. అది కంపెనీని బట్టి వారాలు పడుతుంది, డబ్బు కూడా అడుగుతారు.

టేమ్స్‌తీరం

బావగారి మాట వచ్చింది కాబట్టి అటునుంచి ఇటు కాకుండా ఇటునుంచి అటు, అంటే జర్మన్ ప్లేటుతో లండన్ వచ్చేవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

లండన్‌లోని కాలుష్య జోన్ యూలెజ్‌కి స్టిక్కర్ లేదు, కెమెరాలే. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ విస్తరించింది. పెట్రోల్ యూరో 4, డీజిల్ యూరో 6 ఉంటే ఉచితం. కాబట్టి పై ప్రశ్నలోని యూరో 5 డీజిల్ పారిస్‌లో తిరగగలదు గానీ లండన్‌లో రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. రాత్రి 11కి జోన్‌లోకి వచ్చి 1 గంటకు బయటపడితే రెండు రోజుల లెక్క. క్రిస్మస్ రోజు తప్ప ఏడాదంతా, రోజంతా అమల్లో ఉంటుంది.

విదేశీ ప్లేటు ఉన్నవాళ్లు బండి ప్రమాణాలకు సరిపోయినా సరే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ (నగర రవాణా సంస్థ) దగ్గర ముందు నమోదు చేసుకోవాలి. లేకపోతే వాళ్ల సిస్టంకు ఆ కారు ప్రమాణం తెలియదు, నోటీసు వచ్చేస్తుంది. కట్టాల్సిన రుసుము వెళ్లిన రోజు తర్వాత మూడో రోజు అర్ధరాత్రి దాకా కట్టొచ్చు. దాటితే 180 పౌండ్లు, పద్నాలుగు రోజుల్లో కడితే 90. లండన్ నడిబొడ్డున ఉండే కంజెషన్ చార్జి (రద్దీ రుసుము) దీనికి అదనం, ఒకటి కడితే రెండోది మాఫీ కాదు.

గ్లాస్గో, ఎడిన్‌బరా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, స్కాట్లండ్ జోన్లలో రోజు రుసుము కట్టి వెళ్లే వీలే లేదు. ప్రమాణాలకు సరిపోని బండి వెళ్తే నేరుగా 60 పౌండ్ల జరిమానా, మళ్లీ మళ్లీ వెళ్తే రెట్టింపవుతూ పోతుంది.

అద్దెకారు_ఆరా

ఈ చర్చను హైదరాబాద్, విజయవాడ నుంచి టూరిస్టు వీసా మీద వచ్చి కారు అద్దెకు తీసుకునేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి వాళ్ల కోసం కొంచెం.

జర్మనీలో అద్దెకు తీసుకున్న కారుకు ఆకుపచ్చ స్టిక్కర్ మామూలుగా ఉంటుంది. ఫ్రెంచ్‌ది ఉంటుందని అనుకోవద్దు. కౌంటర్ దగ్గర తాళం తీసుకునే ముందు రెండు అడగండి: ఏయే దేశాల్లోకి తీసుకెళ్లొచ్చు, క్రిట్ఎయిర్ ఉన్న కారు ఇవ్వగలరా. ఏ కారు ఇస్తారో ముందు తెలియదు కాబట్టి దానికి మీరే స్టిక్కర్ తెప్పించుకోవడం కుదరని పని. స్ట్రాస్‌బర్గ్, పారిస్ చూడాలనుకుంటే ఫ్రాన్స్‌లోనే కారు తీసుకోవడం మేలు, లేదా జర్మనీ సరిహద్దు దాకా కారు, అక్కడి నుంచి రైలు. జర్మనీలోని కేల్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కి ట్రామ్ ఉంది, రైను నది దాటి నేరుగా ఊళ్లోకి తీసుకెళ్తుంది.

జరిమానా వస్తే అద్దె కంపెనీ మీ వివరాలు పోలీసులకు ఇస్తుంది, ఆ పని చేసినందుకు మీ కార్డు నుంచి విడిగా రుసుము తీసుకుంటుంది. కార్డు నుంచి పోయినది ఆ రుసుమే, జరిమానా వేరుగా ఇంటికి వస్తుంది. "డబ్బు కట్ అయింది కాబట్టి అయిపోయింది" అనుకుని నోటీసును వదిలేస్తే మొత్తం పెరుగుతుంది.

ఇటలీలో స్టిక్కర్ల కంటే పెద్ద ఉచ్చు జెడ్‌టీఎల్. ఫ్లోరెన్స్, రోమ్, పీసా లాంటి పాత ఊళ్ల నడిబొడ్డున స్థానికుల బండ్లకే అనుమతి, ఇది పొగ తరగతితో సంబంధం లేనిది. గేటు ఉండదు, కెమెరా ఉంటుంది. ఎలక్ట్రానిక్ బోర్డు మీద "వార్కో ఆత్తివో" అని ఉంటే ఆంక్ష అమల్లో ఉన్నట్టు, వెళ్లకూడదు. "నోన్ ఆత్తివో" అంటే వెళ్లొచ్చు. చాలామంది ఆత్తివో అంటే దారి తెరిచి ఉందనుకుని దూరిపోతారు. హోటల్ జోన్ లోపల ఉంటే కారు నంబరు హోటల్‌కి ఇవ్వండి, వాళ్లు నగర పాలక సంస్థకు పంపి ఆ రోజులకు అనుమతి తీసుకుంటారు. పంపారని మళ్లీ ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. నోటీసు పంపడానికి విదేశాల్లో ఉండేవాళ్ల విషయంలో 360 రోజుల గడువు ఉంది కాబట్టి ఇంటికి వెళ్లిన ఏడాదికి కూడా కవరు రావచ్చు.

స్విట్జర్లాండ్, ఆస్ట్రియా దారిలో ఉంటే విన్యెట్ కొనాలి. అది హైవే టోలు, పొగతో సంబంధం లేదు. స్విస్‌ది ఏడాదికి 40 ఫ్రాంకులు, వారానికి, రోజుకు అంటూ చిన్నవి లేవు. ఇప్పుడు ఎలక్ట్రానిక్‌గా కూడా దొరుకుతుంది, అతికించే పని లేదు.

లైసెన్సు మాట: అంతర్జాతీయ అనుమతిని ఆర్టీవో దగ్గర ఫారం 4-ఏతో తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. దాంతోపాటు అసలు లైసెన్సూ చేతిలో ఉండాలి.

కొల్లేరు_కొంగ

జర్మన్ స్టిక్కర్ ఇవాళ డెక్రాలో రాయించాను. పాతది పీకబోతే ముక్కలు ముక్కలుగా వస్తోంది. దాని పక్కనే కొత్తది అతికించొచ్చా? క్రిట్ఎయిర్ ఎక్కడ అతికించాలి?

మైన్‌గట్టు

పాతది తీసేయండి. వేరే నంబరుతో ఇంకో స్టిక్కర్ పక్కనే కనిపిస్తే చూసేవాళ్లకు అనుమానం, మీకు మాటలు. ఒకసారి అతికించింది తీసి ఇంకో బండికి పెట్టకుండా ముక్కలయ్యేలానే తయారు చేస్తారు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో అద్దం లోపలివైపు నుంచి ఒక నిమిషం వెచ్చబెట్టండి, దూరంగా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ. ఒకేచోట పెడితే అద్దంలో రాయి తగిలిన చిన్న మచ్చ ఉన్నా పగులు పాకుతుంది. తర్వాత స్టవ్ గాజు గీకే బ్లేడుని వాలుగా పెట్టి తీయండి. మిగిలిన జిగురుకి స్పిరిట్ వాడండి, డ్యాష్‌బోర్డు మీద పడకుండా కింద గుడ్డ పరచండి.

కొత్తవి రెండూ విండ్‌షీల్డ్ లోపలివైపు, బయట నుంచి చదవగలిగేలా. క్రిట్ఎయిర్ నియమం ప్రకారం కింద కుడి మూల, అంటే మీ కారులో డ్రైవర్ పక్క సీటు వైపు. జర్మన్‌దీ అక్కడే పెట్టడం వాడుక, కాబట్టి ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి పడకుండా పెట్టండి. అద్దం అంచున నల్ల చుక్కల పట్టీ ఉంటుంది, దాని మీద అతికిస్తే బయటికి కనిపించదు. పట్టీ దాటి పైకి పెట్టండి. అద్దం మధ్యలో పైన ఉండే వాన సెన్సర్, కెమెరా దగ్గరికి పోవద్దు. ముందు అద్దం స్పిరిట్‌తో తుడిచి, తడి పూర్తిగా ఆరాక, మధ్య నుంచి అంచులకు వేలితో నొక్కండి.

క్రిట్ఎయిర్ అతికించే ముందు దాని మీది నంబరును మీ ప్లేటుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. జర్మన్ ప్లేట్లలో ఓ అక్షరం, సున్నా అంకె తారుమారుగా టైప్ అవుతుంటాయి. తప్పు ఉంటే అతికించకుండా సైటుకు రాసి సరిచేయించుకోండి.

బ్రబాంట్_బండి

ఇంకొక్కటి చేర్చాలి. దారిలో రాయి తగిలి విండ్‌షీల్డ్ మార్చాల్సి వస్తే స్టిక్కర్లు పాత అద్దంతోపాటే పోతాయి. జర్మనీలో అద్దం మార్చే షాపువాళ్లే కొత్త ఆకుపచ్చది రాసిచ్చే ఏర్పాటు చాలాచోట్ల చేస్తారు, బిల్లులో చేర్చి బీమాకి పెట్టమని అడగండి. క్రిట్ఎయిర్ మాత్రం మళ్లీ సైటులో కొత్తగా అప్లై చేయాలి. అందుకే ఆ మెయిల్‌లో వచ్చిన పత్రాన్ని ప్రయాణం అయిపోయినా డిలీట్ చేయకండి.